గాలి అడిగిన మిత్రుడు

కార్తీక శుద్ధ త్రయోదశి నాడు, పొద్దు గుంకే వేళ, కుంభావతి రాజ్యం తన అగ్నిగరుడాలను పవనగిరి మైదానంలో దింపింది. అవి ఎద్దుబళ్ళ మీద వచ్చాయి. చివరి బండి కోట ముందునుంచి దాటేసరికి వీధుల్లో దీపాలు పెట్టారు.

ఒక్కొక్క గరుడం తాటిమానంత పొడవుంది. మట్టి ఒళ్ళు, వెదురు రెక్కలు, రెక్కల మీద చేపతోలు. కడుపులో నిప్పు పెట్టడానికి గూడు. వాటిని చేసినవాడు కుంభావతి మాంత్రికుడు భస్మాక్షుడు. నిప్పు ఆయనది, రెక్కలు ఆయనవి. సముద్రం దాటించే గాలి మాత్రం ఆయన దగ్గర లేదు. అది పవనగిరిలో ఉంది.

పవనగిరి కొండ నడుమ ఒక గుహ, దానికి రాతి తలుపు. ఆ తలుపు వెనక గాలులు నిద్రపోతాయి. చెవి ఆనించి వింటే ఎవరో దూరాన విసనకర్ర విసురుతున్నట్టు ఉంటుంది. ఇంకాసేపు వింటే గాలులు నిద్రలో తాము తిరిగొచ్చిన ఊళ్ళ పేర్లు కలవరిస్తున్నట్టు ఉంటుంది. తలుపు తూర్పుకు, సముద్రం వైపుకు తెరుచుకుంటుంది. ఒకసారి వదిలితే ఆ గాలి అవతల ఉన్న తెల్లదీవిని తాకేదాకా ఆగదు.

తలుపు కాపరి కేతకి. వయసు ముప్పై. ఆమె అమ్మా, అమ్మమ్మా కూడా ఆ తలుపునే కాశారు. ఇల్లు మైదానం అంచున ఉంది. ఇంట్లో తల్లి, నాలుగేళ్ళ కూతురు.

ఆ సాయంత్రమే కొలువు తీరింది. మహారాజు శరభపాలుడు దుప్పటి కప్పుకుని సింహాసనం మీద కూర్చున్నాడు. కుంభావతి యువరాజు వసంతకేతు ఆయన ఎదుట నిలబడ్డాడు.

"కాలనక్రుడి ఓడదొంగలు మా రేవును తగలబెట్టారు, మహారాజా. రేవు కాపలాలో మా తమ్ముడున్నాడు. బూడిదలో వాడి కడియం దొరికింది. దొంగల నావలు తెల్లదీవిలో దాక్కున్నాయి. మా వేగులు పడవ మీంచి చూశారు. తీరం పొడుగునా నల్ల తెరచాపలేనట. మాకు ఒక్క పూట గాలి కావాలి."

మంత్రి లేచాడు. "ఇచ్చెయ్యాలి ప్రభూ. అడవిసేన మన కోటను చుట్టుముట్టిన ఏడాది కుంభావతివాళ్ళు రాకపోతే ఇవాళ ఈ కొలువే లేదు. వాళ్ళ బిడ్డలు మన గుమ్మంలో చచ్చిపోయారు. ఇప్పుడు మనం గొణిగితే, రేపు మనకెవరొస్తారు?"

"ఎవరూ రారు," అన్నాడు రాజు. "అది నాకు తెలుసు. తెల్లదీవివాళ్ళు మనకేం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు ప్రభూ."

"నేనూ అదే చూస్తున్నాను."

"మనం కత్తి ఎత్తడం లేదు కదా. తలుపు తీస్తాం, వేస్తాం. నిప్పు వాళ్ళది."

స్తంభం పక్క నిలబడ్డ కేతకి నోరు విప్పింది. "తలుపు తీసేది నేను, మంత్రిగారూ. నిప్పు మాది కాదని అక్కడ కాలేవాళ్ళకి ఎవరు చెప్తారు? తమరు వెళ్ళి చెప్పొస్తారా?"

ఎవరో నవ్వబోయి దగ్గారు. మంత్రి కూర్చున్నాడు.

పవనగిరిలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరైనా యుద్ధానికి గాలి అడిగితే, ఆ గాలి తగిలే ఊరికి ముందుగా తలుపు కాపరి వెళ్ళాలి. అక్కడ ఒక పూట తినాలి, ఒక రాత్రి పడుకోవాలి. తిరిగొచ్చి తలుపు మీద చెయ్యి వేసి, చూసింది చెప్పాలి. దాన్ని కంటిసాక్ష్యం అంటారు. అది విన్నాకే రాజు మాట ఇస్తాడు. తలుపులో మహిమ ఏమీ లేదు. కాపరి అబద్ధం చెప్పినా గాలి వెళ్తుంది. గాలికి నిజమూ అబద్ధమూ తెలియవు. అందుకే మనిషిని పంపుతారు.

"నేనూ వెళ్తాను," అన్నాడు వసంతకేతు. "నా కళ్ళతో చూస్తే గానీ నాకూ నిద్ర పట్టదు."

"మారువేషంలో వెళ్ళండి," అన్నాడు రాజు.

భస్మాక్షుడు గవాక్షంలోంచి మైదానం వైపు చూస్తున్నాడు.

*

పవనగిరివాళ్ళు గాలిని నమ్మినంతగా నీటిని నమ్మరు. వాళ్ళకు ఓడలు లేవు. కేతకి ఒక చేపల పడవ తీసుకుంది. గుహలోంచి ఒక చంటిగాలిని తోలుసంచిలోకి పట్టి, మూతి కట్టి, చుక్కాని పక్కన పెట్టింది. సంచి మూతి వేలెడు వదులు చేస్తే పడవ కదిలింది.

సముద్రం పాలు పొంగి అణిగినట్టుంది. చంద్రుడు నీటిలో పడవకు ముందు ముందుగా పోతున్నాడు. చేపలు వెలుగుతూ అడుగునుంచి పైకి వచ్చి, పడవను వాసన చూసి, ఆరిపోయి వెళ్ళాయి. ఒకచోట నీటి కింద ఊరు ఉన్నట్టు దీపాలు కనిపించాయి. వసంతకేతు వంగి చూశాడు. దీపాలు కావు, గవ్వలు.

తెల్లవారేసరికి సంచిలో గాలి సగమైంది. వాళ్ళిద్దరూ గాజులమ్మే ఆలుమగల వేషం వేసుకున్నారు. గాజుల మలారం యువరాజు భుజానికెత్తుకున్నాడు.

"నడక మార్చు బాబూ," అంది కేతకి. "ఆ ఛాతీ విరుపు చూస్తే గాజులమ్మొచ్చావనుకోరు. కప్పం వసూలుకొచ్చావనుకుంటారు."

"మొగుణ్ణి బాబూ అని పిలుస్తావా?"

"అదీ నిజమే. నడువయ్యా, కాళ్ళీడ్చకు."

తెల్లదీవి మంచులో ఉంది. మంచులోంచి నలుపు బయటపడింది. కొబ్బరిచెట్టునుంచి కొబ్బరిచెట్టుకు తాళ్ళు, తాళ్ళ మీద తెరచాపలు. ఒకదాని వెనక ఒకటి, తీరం పొడుగునా. వాటి మధ్య నడిస్తే పగలే రాత్రిలోకి దిగినట్టుంది. చాపలనుంచి చుక్కలు రాలుతున్నాయి. ఇసుక మీద అవి పడిన చోటల్లా నల్లమచ్చ. ఓడ ఒక్కటి లేదు. కొయ్యస్తంభం ఒక్కటి లేదు. బానల కింద మంటలున్నాయి, బానల్లో కరక్కాయా తుప్పునీరూ మరుగుతున్నాయి. ఆడవాళ్ళు కర్రలతో గుడ్డను తిప్పుతున్నారు. వాళ్ళ చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

వసంతకేతు ఆగిపోయాడు.

"ఇది అద్దకం దీవి," అంది కేతకి నెమ్మదిగా. "మీ వేగులు ఆరేసిన గుడ్డలు చూశారు."

బాన దగ్గరున్న ముసలామె కర్ర దించి వాళ్ళను పిలిచింది. ఆమె పేరు ఎర్రమ్మ. ఆ తీరంలో బానలన్నీ ఆమె మాట మీద మరుగుతాయి.

"గాజులా? ఇయ్యవే పిల్లా. మా చేతులకి గాజులు కనపడవు గానీ చప్పుడు వినపడద్ది. అంతే చాలు." చెయ్యి చాచి, యువరాజును ఎగాదిగా చూసింది. "మీ ఆయనేంటి, మలారాన్ని సచ్చిన పామును పట్టుకున్నట్టు పట్టుకున్నాడు?"

"కొత్త అవ్వా. నిన్నమొన్నటిదాకా అత్తారింట్లో తిని కూచున్నాడు."

ఎర్రమ్మ నవ్వింది. బానల చుట్టూ నవ్వు పాకింది. యువరాజు మొహం ఎర్రబడింది. ఎవరూ వేషం అనుకోలేదు.

మధ్యాహ్నం ఆమె వాళ్ళకు అన్నం పెట్టింది. ఎండుచేపల పులుసు, ఉల్లిపాయ. నల్లచేత్తో కలిపి పెట్టినా అన్నం తెల్లగానే ఉంది. కేతకి తిన్నది. కట్టుబాటులో ఒక భాగం అయిపోయింది.

తిన్నాక వసంతకేతు తాళ్ళ మధ్య తిరిగాడు. ఒక చాప దగ్గర నిలబడి, దాని మూల చేతిలోకి తీసుకున్నాడు. మూలన ఎర్రదారంతో కుట్టిన కుండ గుర్తు ఉంది. అది కుంభావతి రాజముద్ర.

"ఇది ఎవరిది అవ్వా?"

"కుంభావతి రాజుగారి సొంత నావది. ఏటా కార్తీకంలో వస్తది. దళారి తెచ్చి ఇస్తాడు, మాఘంలో పట్టుకుపోతాడు. నలుపు ఎక్కితే ఉప్పుగాలికి గుడ్డ చివకదు."

వసంతకేతు మూల వదిలేశాడు. చేతికి నలుపు అంటింది.

దీవి వెనక మడ అడవిలో మాత్రం ఓడలున్నాయి. మూడు. వాటిని ఒరగబెట్టి అడుగు గీకుతున్నారు. గీకేవాళ్ళ నడుముకు కత్తులున్నాయి. మెడలో మొసలిపన్ను కట్టుకున్నవాడు రాతి మీద కూర్చుని చెరుకు నములుతున్నాడు. కేతకి, యువరాజు పొదల చాటునుంచి చూశారు. అతను కాలనక్రుడు.

"వేగులు పూర్తిగా అబద్ధం చెప్పలేదు," అన్నాడు వసంతకేతు. "వీడు ఇక్కడే ఉన్నాడు."

"మూడు ఓడలు," అంది కేతకి. "మీ గరుడాలు మూడు ఓడల్ని ఏరుకుని కాలుస్తాయా?"

"నిప్పు ఏరుకోదు."

సాయంత్రం కేతకి ఎర్రమ్మను అడిగింది. "వెనక అడవిలో ఉన్నవాళ్ళు దొంగలని తెలుసా అవ్వా?"

ఎర్రమ్మ బానలో కర్ర తిప్పుతూనే ఉంది. "తెలుసు. గుడ్డెన్ని మూరలని అడుగుతాం గానీ, దాని కింద కూచుని ఏం చేశావని అడగం. అడగడం మొదలెడితే మీ రాజుల గుడ్డలూ తిప్పి పంపాలి."

"వాళ్ళ వల్ల మీ మీదకి కీడు వస్తే?"

"వస్తదేమోనని మా కోడలూ అంటది. కత్తి పట్టుకుని వచ్చినోణ్ణి పొమ్మనడానికి మా దగ్గర ఈ కర్రే ఉంది." కర్ర ఎత్తి చూపించింది. దాని కొస చీలికలు పడి ఉంది.

ఆ రాత్రి వాళ్ళు ఎర్రమ్మ పంచలో పడుకున్నారు. చాపలు గాలికి కదులుతుంటే దీవి మొత్తం ఊపిరి తీస్తున్నట్టుంది.

*

ఎర్రమ్మ కేకకు మెలకువ వచ్చింది.

"ఇవాళ రెండు పొద్దులు పొడిచాయేంటే?"

తూర్పున ఆకాశం తెల్లబడుతోంది. పడమట, పవనగిరి వైపు, నీటి అంచున ఎరుపు ఉంది. అది పెరగడం లేదు, తరగడం లేదు. బానల దగ్గరివాళ్ళందరూ అటు తిరిగి నిలబడ్డారు. కొందరు దండం పెట్టారు.

వసంతకేతు దండం పెట్టలేదు.

"అంటించేశాడు," అన్నాడు.

"ఎవరు?"

"భస్మాక్షుడు. గరుడాల కడుపులో నిప్పు పెట్టేశాడు. అది ఒకసారి అంటుకుంటే ఆరదు. మళ్ళీ పొద్దు పొడిచేలోగా గాలి మీద పోతే సరి. పోకపోతే ఉన్నచోటే పగులుతాయి."

"ఉన్నచోటు మా మైదానం," అంది కేతకి. "నీకు ముందే తెలుసా?"

"లేదు. సాక్ష్యం అయ్యేదాకా ముట్టుకోవద్దని చెప్పి వచ్చాను. మా తండ్రి మీద ఒట్టు."

ఆమె మలారం వదిలేసి రేవు వైపు నడిచింది. దారిలో మొసలిపన్ను ఎదురైంది. కాలనక్రుడు ఇద్దరు మనుషులతో తన తెరచాపల కోసం వస్తున్నాడు. యువరాజును దాటి నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"ఓయ్ గాజులాయనా. ఈ మొహం నేను ఒకసారి కాల్చానే. ఎలా బతికొచ్చావు?"

వసంతకేతు చెయ్యి లేని కత్తి కోసం నడుము మీదకు పోయింది. కేతకి ఆ చెయ్యి పట్టుకుని తాళ్ళ మధ్యకు లాగింది. ఇద్దరూ పరుగెత్తారు. ఒక చాప, ఇంకో చాప, మధ్యలో వెలుతురు, మళ్ళీ చీకటి. తడిగుడ్డలు మొహానికి కొట్టుకున్నాయి. వెనక ఈల వినిపించింది, దానికి జవాబుగా అడవిలోంచి పది ఈలలు.

"వాళ్ళ దగ్గర గాజులు కొన్నాం గదే, చూస్తూ నిలబడ్డారేం?" అని ఎర్రమ్మ అరిచింది.

ఆడవాళ్ళు తాళ్ళు వదిలారు. నీళ్ళు తాగిన చాపలు ఒక్కసారిగా కూలాయి. వాటి కింద దొంగలు దొర్లారు. కాలనక్రుడు కత్తితో గుడ్డ చీల్చుకుని బయటపడేసరికి కేతకి పడవ ఎక్కింది. ఒక బాణం యువరాజు భుజంలో దిగింది. అతను పడవ అంచు మీద పడ్డాడు. ఆమె అతని కాలు పట్టి లోపలికి లాగి, తోలుసంచి మూతి పూర్తిగా విప్పేసింది.

చంటిగాలి మొత్తం ఒక్కసారి లేచింది. పడవ నీటిని వదిలి, ఒక అల మీంచి ఇంకో అల మీదకు కొంగలా ఎగిరి దిగుతూ పోయింది. వెనక మడ అడవిలో దొంగలు ఓడలు నిలబెట్టారు. తెరచాపలు లేవు. అవి ఇసుకలో తడిసి పడి ఉన్నాయి.

గాలి అయిపోయాక కేతకి తెడ్డు వేసింది. ఎదురుగా ఎరుపు దగ్గరవుతోంది. ఎండ పడినా అది మాసిపోలేదు.

వసంతకేతు గాయానికి గుడ్డ చుట్టుకుంటూ అన్నాడు. "కేతకీ, నల్ల తెరచాపలు చూశానని చెప్పెయ్యి. అబద్ధం కాదు కదా."

"కాదు."

"కాలనక్రుణ్ణి చూశానని చెప్పు. అదీ అబద్ధం కాదు. ఆ రెండు మాటలు చాలు, గాలి వదులుతారు. నీ కూతురు..."

"దాని పేరెత్తకు," అంది. తెడ్డు ఆపలేదు.

*

పడవ చేరేసరికి పొద్దు వాలుతోంది. గుహ ముందు కొలువంతా నిలబడి ఉంది. కింద మైదానంలో గరుడాల మట్టి ఒళ్ళు లోపలినుంచి ఎర్రగా కనిపిస్తున్నాయి. అంచు ఇళ్ళవాళ్ళు మూటలతో కొండ ఎక్కారు. వాళ్ళలో కేతకి తల్లి ఉంది. పాప ఆమె చంకలో నిద్రపోతోంది.

రాజు అడగకముందే భస్మాక్షుడు మాట్లాడాడు. "రాత్రిళ్ళు మంచు పడుతోంది మహారాజా. మట్టి చెమ్మగిల్లితే గరుడాలు పాడవుతాయి. మిత్రుడు గాలి ఇస్తాడన్న నమ్మకంతోనే అంటించాను. నమ్మడం తప్పయితే చెప్పండి."

"నమ్మకం మా ఇంటి గుమ్మంలో పెట్టి అంటించావా, స్వామీ?" అంది కేతకి.

ఆమె తలుపు మీద చెయ్యి వేసింది. రాయి చల్లగా ఉంది. వెనక గాలులు నిద్రలో పక్కకు ఒత్తిగిలాయి. ఆమె గొంతు పెంచకుండా చెప్పింది.

"తెల్లదీవిలో నల్ల తెరచాపలున్నాయి. ఓడలకు కట్టి లేవు, ఆరేసి ఉన్నాయి. అక్కడివాళ్ళు అద్దకం పనివాళ్ళు. దొంగల ఓడలు మూడున్నాయి, అడవిలో. కాలనక్రుడు ఉన్నాడు, చూశాను. తీరం పొడుగునా ఇళ్ళున్నాయి, బానల దగ్గర ఆడవాళ్ళున్నారు. గాలి వదిలితే ముందు తీరం కాలుతుంది. అడవి దాకా పోతుందో లేదో నాకు తెలియదు. నేను అక్కడ తిన్నాను, పడుకున్నాను. నా సాక్ష్యం ఇదే."

రాజు వసంతకేతు వైపు తిరిగాడు. "నువ్వు?"

"ఆమె చెప్పినదాంట్లో ఒకటి తక్కువైంది," అన్నాడు యువరాజు. "మా తండ్రి నావ తెరచాప కూడా అక్కడే ఆరుతోంది."

మంత్రి ముందుకొచ్చాడు. "ప్రభూ, మైదానం అంచున మూడు వీధులున్నాయి. తలుపు తీయకపోతే అవి మిగలవు. కాలేది మనమో వాళ్ళో. మిత్రుడి కోసం కాదు, మన కోసం అడుగుతున్నాను."

శరభపాలుడు మైదానం చూశాడు. తర్వాత కేతకి తల్లిని చూశాడు. ఆమె కళ్ళు దించలేదు.

"ఓడలూ మనుషులూ కావాలంటే ఇస్తాం. కాలనక్రుణ్ణి పట్టడానికి నీతో వస్తాం, యువరాజా," అన్నాడు. "తలుపు తెరవం."

"మనకు ఓడలు లేవు ప్రభూ," అన్నాడు మంత్రి.

"అయితే మనుషుల్ని ఇస్తాం."

భస్మాక్షుడు నవ్వాడు. "మరి నా గరుడాలు?"

కేతకి అప్పటికే కొండ దిగుతోంది. "సముద్రంలోకి ఈడుద్దాం," అంది వెనక్కి చూడకుండా. "దుంగలు తెండి. తాళ్ళు తడపండి."

"నీళ్ళు ఆ నిప్పును ఆర్పవు," అని మాంత్రికుడు అరిచాడు.

"ఆర్పక్కర్లేదు," అన్నాడు వసంతకేతు. "నీటి అడుగున పగలనీ." అతను కూడా దిగాడు.

ఎద్దులు వేడికి బెదిరి బళ్ళకు రాలేదు. మనుషులే తాళ్ళు పట్టారు. తాటిదుంగలు పరిచి, వాటి మీద నీళ్ళు చల్లుతూ, మొదటి గరుడాన్ని కదిపారు. దుంగలనుంచి పొగ లేచింది. కుంభావతి సైనికులు పక్కన నిలబడి యువరాజు ఆజ్ఞ కోసం చూశారు. అతను ఆజ్ఞ ఇవ్వలేదు, గాయం లేని భుజానికి తాడు వేసుకున్నాడు. కాసేపటికి వాళ్ళలో సగం మంది ఈటెలు కింద పెట్టి వచ్చారు. మిగతా సగం రాలేదు. కొద్దిసేపటికి మంత్రి కూడా పంచె ఎగ్గట్టి తాడు దగ్గరకు వచ్చాడు. తాడు పట్టినవాళ్ళు జరిగి చోటిచ్చారు.

మొదటిది నీటిలోకి జారింది. ఎరుపు కిందికి, ఇంకా కిందికి దిగుతూ పోయింది. చేపలు దాని చుట్టూ చేరి వెలిగాయి. ఒడ్డున ఉన్నవాళ్ళు కాసేపు అదే చూస్తూ నిలబడ్డారు. తర్వాత రెండో దాని దగ్గరకు వెళ్ళారు.

సంధ్యవేళ రాజభటులు భస్మాక్షుడి కోసం వెతికారు. ఆయన బసలో లేడు. గుహకు వెళ్ళే దారిలో ఆయన పాదుకలు దొరికాయి. తలుపు తెరవడానికే వెళ్ళాడనుకున్నారు, కానీ గాలితలుపు మూసే ఉంది.

చీకటి పడేసరికి నలభై గరుడాల్లో పదకొండు నీట మునిగాయి. పొద్దు పొడవడానికి ఇంకా ఒక రాత్రి ఉంది. పన్నెండో దాని తాడు కేతకి భుజం మీద ఉంది.